మరుగు, మరపు: నెల్లూరు, గుంటూరు మైదానంలో పాతిపెట్టిన సొత్తు చరిత్ర

వ్యాససంగ్రహం

విలువైన సొత్తును భూమిలో పాతిపెట్టడం, తరువాత ఆ చోటు ఎవరికీ తెలియకుండా పోవడం తెలుగునాట ఎక్కువగా జానపద కథావస్తువుగానే చర్చకు వచ్చింది. సింగరాయకొండ చుట్టుపట్ల ప్రాంతాన్నీ, దానికి ఉత్తరాన ఉన్న గుంటూరు మైదానాన్నీ క్షేత్రంగా తీసుకొని ఈ వ్యాసం దానిని చరిత్ర విషయంగా పరిశీలిస్తుంది. శాసన పరిభాష, నాణేల నిధులు, 1816 నాటి పిండారీల దాడి, 1832-33 కరువు, 1878 నాటి నిధుల చట్టం ఇందుకు ఆధారాలు. సొత్తు మరుగున పడడానికి వ్యక్తుల మతిమరుపు కంటే, రహస్యం ఒక్కరి వద్దే ఉండి, మరొకరికి చెప్పే వ్యవధి లేకుండా పోవడమే ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిధి, నిక్షేపం, పాతర, అష్టభోగాలు, పిండారీలు, నందన కరువు, లంకెబిందెలు, సింగరాయకొండ.

1. ఉపోద్ఘాతం

వరాహ లక్ష్మీనరసింహస్వామి వెలసిన కొండ కారణంగా సింగరాయకొండకు ఆ పేరు వచ్చింది. 'సింగరాయడు' అంటే నరసింహుడే. ఊరికి తూర్పున సముద్రతీరం, పడమట కందుకూరు వైపు మెట్టభూములు, సమీపంలో మన్నేరు. మద్రాసు నుండి ఉత్తరాదికి పోయే బాట, ఆ తరువాత వేసిన రైలుమార్గం రెండూ ఈ కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న సన్నని మైదానం గుండానే సాగాయి. సైన్యాలు, వర్తకులు, కరువు బాధితులు, యాత్రికులు అందరిదీ ఒకటే దారి. ఇటువంటి దారిపక్క ఊళ్ళలో సొత్తును కంటికి కనపడకుండా ఉంచుకోవలసిన అవసరం మారుమూల ఊళ్ళలో కంటె ఎక్కువగా ఉంటుంది.

1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలో ఉండేది. ఒంగోలు సైతం 1904లో గుంటూరు జిల్లాలో కలిసేవరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందువల్ల ఈ నేల చరిత్ర కొంత నెల్లూరు పత్రాల్లో, కొంత గుంటూరు పత్రాల్లో చెదిరి ఉంది. నేడు మిరప, పత్తి పైర్లకు పేరుపొందిన ఈ మైదానాన్ని ఒకే క్షేత్రంగా చూస్తే తప్ప ప్రస్తుత విషయం పూర్తిగా కనిపించదు.

'ఎక్కడో పాతిపెట్టారట, చెప్పకుండానే పోయారట' అన్న మాట ఈ ప్రాంతపు ఊళ్ళలో పాత ఇళ్ళ గురించి తరచు వినిపిస్తుంది. ఇందులోని 'చెప్పకుండానే పోయారు' అన్న భాగమే ఈ వ్యాసానికి ప్రధానం. దాచినవారు మరచిపోయారని ఆ మాట చెప్పడం లేదు. వారికి గుర్తుంది, మిగిలినవారికి అందలేదు. ఈ రెండింటి మధ్య తేడాను చరిత్ర ఆధారాలు ఎంతవరకు సమర్థిస్తాయో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మాటల్లోని భేదాలు

దాచడానికి సంబంధించిన తెలుగు పదజాలాన్ని గమనిస్తే రెండు వేర్వేరు ఆచారాలు బయటపడతాయి. మొదటిది పాతర. 'పాతు' ధాతువుతో సంబంధమున్న ఈ మాటకు ధాన్యం నిలవచేసే గొయ్యి అని అర్థం. మెరక నేలలో లోతుగా తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి, వాననీరు నిలవకుండా మట్టిని దిబ్బగా కప్పేవారు. తీసేటప్పుడు మూత తెరచి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి గాని మనిషి దిగకూడదు. ఆ జాగ్రత్త తప్పితే ప్రాణానికే ముప్పు. ఈ పని ఒక్కరివల్ల కాదు. తవ్వడానికి, నింపడానికి, తీయడానికి పలువురు కావాలి. అందుచేత పాతర ఎక్కడుందో వీధి మొత్తానికీ తెలుసు. యజమాని మరచినా పొరుగువారు చెప్పగలరు.

రెండవది నిధి. బంగారం, వెండి, నాణేలు తక్కువ చోటులో ఇముడుతాయి. ఒక మనిషి ఒక రాత్రిలో పాతిపెట్టగలడు. సాక్షి అక్కరలేకపోవడమే దాని బలం. ఆ బలమే తరువాత దాని బలహీనత అవుతుంది. ధాన్యాన్ని పాతినప్పుడు భూమి గాదెగా మాత్రమే పనిచేస్తుంది. ధనాన్ని పాతినప్పుడు మాత్రం భూమి ఆ మనిషికి ఏకైక సాక్షి అవుతుంది.

మూడవ మాట నిక్షేపం. ధర్మశాస్త్రాల్లోని పద్దెనిమిది వ్యవహారపదాల్లో నిక్షేపం ఒకటి. నమ్మకంతో మరొకరి దగ్గర ఉంచిన సొత్తు అని దాని అర్థం. ఇతరులు ఎంతకాలం అనుభవించినా యజమాని హక్కు పోని సొత్తుల జాబితాలో మనుస్మృతి నిక్షేపాన్ని కూడా చేర్చింది. అంటే నిక్షేపం మనిషికి అప్పగించేది, నిధి మట్టికి అప్పగించేది. నేటి వాడుకలో 'నిక్షేపంగా ఉన్నాడు' అంటే ఏ హానీ లేకుండా ఉన్నాడని అర్థం. మరొకరికి తెలిసిన సొత్తే క్షేమమన్న పాత అనుభవం ఈ నుడికారంలో మిగిలి ఉందేమో ఆలోచించదగింది.

మరుగు, మరపు అన్న మాటల పోలిక కూడా గమనించదగిందే. పాత తెలుగులో ఈ రెండూ శకటరేఫతో మఱుఁగు, మఱపు అని ఉంటాయి. తమిళంలో సైతం దాచడానికి మఱై, మరచిపోవడానికి మఱ అన్న రూపాలున్నాయి. కంటికి మరుగైనది మనసుకూ మరుగవుతుందన్న భావన ద్రావిడ భాషల్లో బాగా పాతదని ఈ రూపసామ్యం సూచిస్తోంది.

3. శాసనాలు, ధర్మశాస్త్రాలు: నిధి ఎవరిది?

విజయనగర కాలపు దానశాసనాల్లో భూమితోపాటు ఎనిమిది హక్కులు దానగ్రహీతకు సంక్రమిస్తాయి. నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలు అనే ఈ ఎనిమిదింటినీ కలిపి అష్టభోగాలంటారు. నీటికంటె, రాతికంటె, పండే పంటకంటె ముందు నిధిని పేర్కొనడం విశేషం. భూమిలో ఎప్పుడో ఎవరో దాచినది ఉండవచ్చునన్న ఊహ అంత సాధారణమని దీనివల్ల తెలుస్తోంది. రాజు ఆ హక్కును దానం చేస్తున్నాడంటే, దానం చేయని భూమిలో అది రాజుదేనని కూడా అర్థం.

యాజ్ఞవల్క్య స్మృతి నిధికి ప్రత్యేక నియమాలు చెప్పింది. దొరికిన నిధిని రాజుకు తెలపకుండా దాచి పట్టుబడితే నిధినీ అప్పగించాలి, దండుగనూ చెల్లించాలి. సామాన్యుడికి దొరికిన నిధి విషయంలో స్మృతి పాఠాన్ని నేరుగా చదివితే రాజుకు ఆరో వంతు అని తోస్తుంది. మితాక్షరా వ్యాఖ్యాత విజ్ఞానేశ్వరుడు మాత్రం దొరికినవాడికి ఆరో వంతు ఇచ్చి మిగిలినది రాజు తీసుకోవాలని వివరించాడు. ఒక్క వ్యాఖ్యతో వాటాలు తారుమారయ్యాయి. ఈ మితాక్షరనే పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగు చేశాడు. కేతన నెల్లూరు సీమతో సంబంధం ఉన్న తిక్కన కాలపు కవి.

దాచినవాడి తరపున ఆలోచించిన వాక్యాలు కూడా ప్రాచీన శాస్త్రాల్లో లేకపోలేదు. నిధి తన పూర్వులదని రుజువు చేసుకొన్న సద్వర్తనుడికి అది పూర్తిగా దక్కాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. 'ఇది నాది' అని నిజం చెప్పగలిగినవాడి నుండి రాజు ఆరో వంతో పన్నెండో వంతో మాత్రమే తీసుకోవాలని మనుస్మృతి అంటుంది. రెండు చోట్లా హక్కు రుజువు మీద ఆధారపడింది. రుజువు చూపడానికి ఎంత దాచారో, ఎక్కడ దాచారో తెలిసి ఉండాలి. తాత చెప్పకుండా చనిపోతే మనుమడికి ఆ అర్హత లేదు.

సొత్తు చేయిజారినంతమాత్రాన హక్కు పోరాదన్న సూత్రాన్ని స్పష్టంగా చాటిన శాసనం ఈ తీరంలోనే ఉంది. సింగరాయకొండకు ఉత్తరాన, ఇదే తీరరేఖ మీద ఉన్న మోటుపల్లిలో 1244-45లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం అది. తుపానులో చిక్కి దారితప్పిన, పగిలిన ఓడల సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నాననీ గణపతిదేవుడు అందులో ప్రకటించాడు. ధనం ప్రాణంకంటె విలువైనదని తలచి సముద్రంలోకి సాహసించిన వర్తకుల మీద దయే ఇందుకు కారణమని శాసనం చెబుతోంది. అయితే ఓడ మునిగిన వర్తకుడు బతికి వచ్చి తన సరకును గుర్తుపట్టగలడు. మట్టిలో దాచి చనిపోయినవాడికి అటువంటి అభయశాసనం ఏదీ లేదు.

మరో వైచిత్రి కూడా ఉంది. ఇటువంటి హక్కులను రాసి ఇచ్చిన రాగిశాసనాల్లో చాలా భాగం పొలం దున్నుతున్నప్పుడో పునాది తవ్వుతున్నప్పుడో దొరికినవే. నిధి మీద హక్కునిచ్చే పత్రాన్ని కాపాడుకోవడానికి కూడా భూమిలోనే దాచారు. చివరికి పత్రం కూడా నిధి అయింది.

4. నాగలికి తగిలిన నాణేలు

ఆధునిక కాలంలో నమోదైన తొలి నిధుల్లో ఒకటి నెల్లూరు సమీపంలో దొరికింది. 1786 ప్రాంతంలో ఒక రైతు రాతిగుట్ట వాలులో దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే ఒక చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, దానిలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అవి రెండో శతాబ్దివి. రైతు వాటిని పాత బంగారంగా అమ్మివేశాడు. చాలావరకు కరిగిపోయాయి. అప్పటికి ఈ సీమ ఆర్కాటు నవాబు పాలనలో ఉంది. నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు. మద్రాసులో కంపెనీ ఉన్నతాధికారిగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి 1787లో రాసిన లేఖ 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది. కొన్ని నాణేలు అప్పుడే టంకసాలనుండి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, మరికొన్ని అరిగి, చిల్లులు పడి, ఆభరణాలుగా ధరించినట్లున్నాయనీ ఆయన గమనించాడు.

చిల్లులు పడిన నాణేలు, తాజా నాణేలు ఒకే కుండలో ఉండడం ముఖ్యమైన ఆధారం. వర్తకుడి నగదు పెట్టెలో మెడలో వేసుకొనే కాసులు సాధారణంగా ఉండవు. ఇది ఒక కుటుంబమో, ఒక ఆలయమో కూడబెట్టిన సొత్తు కావచ్చు. మన కాసులపేరుకు చాలా పూర్వపు రూపం ఈ కుండలో ఉన్నట్లే.

గుంటూరు మైదానానికి పడమటి అంచున ఉన్న వినుకొండలో 1889లో పదిహేను రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో మొదటిది తిబెరియస్ చక్రవర్తిది, చివరిది కరకల్లాది. తిబెరియస్ పాలన క్రీ.శ. 14లో మొదలైంది, కరకల్లా 217లో మరణించాడు. నిధిలోని అన్నిటికంటె తరువాతి నాణెమే దాచిన కాలానికి పై హద్దు చెబుతుంది. అంటే మూడో శతాబ్ది ఆరంభానికి ముందు ఈ నిధిని పాతిపెట్టి ఉండరు. తొలి నాణేనికీ చివరి నాణేనికీ మధ్య సుమారు రెండు వందల ఏళ్ళ దూరం ఉంది. ఇవి ఒకే తరం సంపాదన కాకపోతే, అన్ని తరాలపాటు ఈ బంగారం ఎక్కడుందో చెప్పుకొంటూ వచ్చినవారు ఉండాలి. ఆ గొలుసు ఒక తరంలో తెగింది. శాతవాహనుల అనంతరం రాజ్యాలు మారుతున్న కాలానికి ఈ తెగింపు దగ్గరగా ఉంది.

ఇక్కడ పరిశోధకులు మరువరాని జాగ్రత్త ఒకటుంది. తిరిగి తీసుకొన్న నిధి చరిత్రకు కనిపించదు. భద్రంగా దాచి, అవసరానికి తీసి, పెళ్ళిళ్ళకో పొలం కొనడానికో ఖర్చుపెట్టిన వేలాది కుండల ఆనవాలు మిగలలేదు. మనకు దొరికేవన్నీ తీసుకోవడానికి ఎవరూ రాలేకపోయినవే. కాబట్టి దొరికిన నిధుల లెక్క ఆ కాలపు ఐశ్వర్యానికి కొలత కాదు. తిరిగిరాని మనుషుల లెక్క అందులో ఎక్కువగా ఉంటుంది.

5. 1816: చోటు చెప్పమని హింస

తిరిగిరాని మనుషుల మాట ఊహ మాత్రమే కాదనడానికి పత్రాధారం ఉన్న సంఘటన 1816 మార్చిలో జరిగింది. మధ్యభారతం నుండి బయలుదేరిన పిండారీ గుర్రపు దండు కృష్ణా తీరం దాటి ఆ నెల రెండో వారంలో గుంటూరు మీద పడింది. కలెక్టరు కచేరీలో కాపలా ఉన్న ప్రభుత్వ ఖజానా వారికి దక్కలేదు. ఊళ్ళు దక్కాయి. కంపెనీ హద్దుల్లో ఆ దండు ఉన్నది పన్నెండు రోజుల లోపే. తరువాత జరిగిన విచారణలో తేలిన లెక్క ప్రకారం 339 గ్రామాలు దోపిడీకి గురయ్యాయి. 182 మంది చనిపోయారు, 505 మంది తీవ్రంగా గాయపడ్డారు, 3,603 మంది చిత్రహింసల పాలయ్యారు.

ఈ చివరి సంఖ్య మన విషయానికి కీలకం. చనిపోయినవారికంటె హింసకు గురైనవారు దాదాపు ఇరవై రెట్లు. దోపిడీకి గురైన ఊరికి సగటున పదిమందికి పైగా ఉన్నారు. వేడి బూడిద నింపిన గుర్రపు దాణాసంచిని ముఖానికి కట్టి ఊపిరి ఆడనీయకపోవడం, నూనెలో తడిపిన గుడ్డలు చుట్టి నిప్పంటించడం, రొమ్ము మీద బరువులు ఎత్తడం వంటి పద్ధతులను నాటి కథనాలు వర్ణించాయి. వీటి ప్రయోజనం ఒక్కటే: సొత్తు దాచిన చోటు చెప్పించడం. సొత్తు ఇంట్లో కంటికి కనిపిస్తూ ఉంటే ఇంత హింస అవసరం లేదు. అంటే 1816 నాటికి ఈ మైదానంలోని ఇళ్ళలో విలువైనదంతా మట్టిలోనో గోడలోనో ఉండడం పరిపాటి. ఆ సంగతి దోచుకొనేవారికి కూడా తెలుసు. వారు తవ్వినది ఇంటి నేలను కాదు, మనుషుల జ్ఞాపకాన్ని.

ఈ లెక్కలను సేకరించినది కంపెనీ అని మరచిపోకూడదు. 1817-18లో పిండారీల మీద చేసిన యుద్ధానికి ఈ దాడి ఒక ముఖ్య సమర్థన అయింది. అందువల్ల వర్ణనల్లో అతిశయం ఉండవచ్చు. అయినా హింస ఉద్దేశం విషయంలో కథనాల మధ్య భేదం లేదు. వ్యాసకర్త దృష్టిలో ఈ సంఘటన రహస్యానికి ఉన్న రెండు ముఖాలనూ చూపిస్తుంది. ఇంటి పెద్ద ఒక్కడికే చోటు తెలిస్తే భార్య, పిల్లలు హింసకు తట్టుకోలేక చెప్పే ప్రమాదం తగ్గుతుంది. ఆ పెద్ద చనిపోతే సొత్తు శాశ్వతంగా పోతుంది. కుటుంబాలు ఈ రెండు నష్టాల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది.

6. నందన కరువు: చెప్పడానికి ఎవరూ మిగలని ఇళ్ళు

దాడి తరువాత పదహారేళ్ళకు కరువు వచ్చింది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, వచ్చినందువల్ల దీనికి నందన కరువని పేరు. గుంటూరు జిల్లాలో అప్పటి ఐదు లక్షల జనాభాలో లక్షన్నర మందికి తక్కువ కాకుండా మరణించారని ప్రభుత్వ అంచనాలు చెబుతున్నాయి. పనీ తిండీ వెతుక్కొంటూ వేలాదిమంది మద్రాసు దారి పట్టారు. ఒంగోలు నుండి నెల్లూరుకు పోయే ఆ బాట పొడవునా శవాలు పడి ఉండేవని నాటి వర్ణనలు తెలుపుతాయి.

కరువులో ఉన్నవారు దాచిన బంగారాన్ని తీసి అమ్ముకోరా అన్న ప్రశ్న సహజం. చాలామంది అమ్ముకొనే ఉంటారు. అయితే ధాన్యమే దొరకని రోజుల్లో బంగారం ధర పడిపోతుంది, దారిలో దొంగల భయం పెరుగుతుంది. ఊరు విడిచి పోయేవారు 'వానలు పడ్డాక తిరిగి వస్తాం' అన్న ఆశతో కొంత సొత్తును ఇంటి నేలలోనే ఉంచి వెళ్ళడం సహేతుకమైన నిర్ణయం. తిరిగి రాని ఇంటి గోడలు రెండు వానాకాలాల్లో మట్టిదిబ్బ అవుతాయి. 'పాటిదిబ్బ', 'పాటిమీద' అని పిలిచే పాత ఊళ్ళ చోట్లకు నిధుల కథలు అంటుకొని ఉండడానికి ఇటువంటి ఊరు విడుపులు ఒక కారణం కావచ్చు.

ఇక్కడ నిజమైన మతిమరుపుకు సంబంధించిన విదేశీ ఉదాహరణ ఒకటి పోలికకు పనికివస్తుంది. 1667లో డచ్చి నౌకాదళం థేమ్స్ నదీముఖంలోకి చొచ్చుకువచ్చినప్పుడు లండన్ ఉద్యోగి శామ్యూల్ పెపిస్ తన బంగారాన్ని భార్య చేతికిచ్చి పల్లెలో ఉన్న తండ్రి ఇంటికి పంపాడు. వారు దానిని తోటలో పాతారు. అక్టోబరులో పెపిస్ స్వయంగా లాంతరు పట్టుకొని వెళ్ళి తవ్వితే, పాతినవారికే చోటు సరిగా గుర్తు రాలేదు. సంచులు చివికి నాణేలు మట్టిలో కలిసిపోయాయి. మట్టిని జల్లించి చాలావరకు ఏరుకొన్నా కొన్ని నాణేలు దొరకలేదు. నాలుగు నెలల్లోనే ఇంత జరిగింది. కాని పాతినవారు బతికి ఉన్నారు, తోట అదే తోట, దినచర్య రాసే అలవాటున్న యజమాని ఉన్నాడు. అందుకే నష్టం కొద్దిపాటితో ఆగింది. మరచిపోవడం మరమ్మతుకు లొంగుతుంది. చెప్పేవారు లేకపోవడం లొంగదు.

7. 1878 చట్టం: ఫలానా చోటు, ఫలానా తేదీ

బ్రిటిషు ప్రభుత్వం 1878లో భారతదేశ నిధుల చట్టం చేసింది. నేలలో గాని, నేలకు అంటిపెట్టుకొని ఉన్న దేనిలో గాని దాచిన విలువగల ఏ వస్తువైనా నిధి. దాని విలువ పది రూపాయలు మించితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నిధి స్వభావం, పరిమాణం లేదా విలువ, దొరికిన చోటు, తేదీ అందులో ఉండాలి. నిధిని దగ్గరలోని ఖజానాలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన వేసి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా గడువు పెట్టి హక్కుదారులను పిలుస్తాడు. నిధిని నూరేళ్ళ లోపల తానో తన పూర్వులో దాచారని నమ్మదగిన కారణం చూపినవారికి సివిలు కోర్టుకు పోయే అవకాశం ఉంటుంది. అటువంటివారు లేకపోతే నిధిని యజమాని లేనిదిగా ప్రకటిస్తారు. అప్పుడు భూయజమాని వాటా కోరకపోతే మొత్తం దొరికినవాడిదే. కోరితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి నాలుగో వంతు. ప్రభుత్వానికి కావాలంటే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. తెలపకుండా దాచితే దొరికినవాడు వాటా కోల్పోతాడు. ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా కూడా పడవచ్చు.

దొరికినవాడికి ఆరో వంతు మాత్రమే ఇచ్చిన మితాక్షరా వ్యాఖ్యతో పోలిస్తే ఈ చట్టం ఉదారమైనదే. కాని ఆచరణలో నాగలి పట్టినవాడు, గొయ్యి తవ్వినవాడు సాధారణంగా అక్షరం రాని కూలి. కలెక్టరుకు రాతపూర్వక నివేదిక, ఖజానాలో జమ, ఆరు నెలల నిరీక్షణ అన్నవి అతనికి అందుబాటులో ఉన్న దారులు కావు. కంసాలి దుకాణం దగ్గరలో ఉంది. నెల్లూరు రైతు చేసినదే తరువాతి శతాబ్దాల్లో కూడా చాలామంది చేశారు. దొంగతనం ఆరోపణకు భయపడి కరిగించిన ప్రతి నాణెంతో ఒక చరిత్ర ఆధారం పోయింది. ఆ నష్టానికి కూలి దురాశను మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు.

నూరేళ్ళ నియమం కూడా ఆలోచించదగింది. 1878 నుండి వెనక్కి చూస్తే పిండారీల దాడి, నందన కరువు రెండూ నూరేళ్ళ లోపలివే. ఆ కాలంలో పాతిన సొత్తు బయటపడితే వారసులకు చట్టప్రకారం అవకాశం ఉంది. కాని వారు చూపవలసిన ఆధారం ఏది? దాచినప్పుడు కాగితం రాయలేదు. రాస్తే రహస్యం కాదు. ప్రాచీన శాస్త్రం అడిగిన రుజువునే కొత్త చట్టమూ అడిగింది. రెండింటి ముందూ నిలవలేకపోయింది నోటిమాటే.

8. లంకెబిందెలు: దొరకనిదానికి ఒక వివరణ

అనుకోని భాగ్యం కలిగితే 'లంకెబిందెలు దొరికినట్లు' అంటాం. మెడలకు గొలుసుతో లంకె వేసిన రెండు బిందెల నిండా బంగారం అన్నది ఆ ఊహ. వాటికి పాము కాపలా ఉంటుందని, రాత్రివేళ భూమిలో గొలుసు చప్పుడు వినిపిస్తుందని, యోగం లేనివాడు తవ్వితే నిధి చోటు మారుతుందని నమ్మకాలు. తమలపాకు మీద అంజనం వేసి చూడడం, ఎదురుకాళ్ళతో పుట్టినవారికి నిధి కనిపిస్తుందనుకోవడం కూడా ఈ కోవలోనివే.

నిధి నడుస్తుందన్న నమ్మకానికి మూలం గుర్తుకూ నేలకూ మధ్య పొత్తు కుదరని అనుభవమే కావచ్చు. 'వేపచెట్టుకు తూర్పున పది అడుగులు' అని చెప్పి చనిపోయారు. చెట్టు పడిపోయింది, ఇల్లు మారింది, గట్టు జరిగింది. చెప్పిన చోట తవ్వితే లేదు. చెప్పినవారు అబద్ధం ఆడరు కనుక నిధే కదిలింది. ఈ తర్కంలో పెద్దల మాట మీద గౌరవం ఉంది. పైగా ఈ మైదానంలో విస్తారంగా ఉన్న నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని లోతైన నెర్రెలు విచ్చుతుంది. చిన్న వస్తువులు ఆ నెర్రెల్లోకి జారడం, గుర్తురాళ్ళు ఒరగడం రైతులు ఎరిగినవే. నేల కదులుతుందన్నది ఇక్కడ పూర్తిగా కల్పన కాదు.

ఈ నమ్మకం హానిగా మారిన సందర్భాలు నేడు తక్కువేమీ కాదు. గుప్తనిధుల పేరిట పాడుబడిన గుళ్ళలో విగ్రహాలను పెకలించడం, నందుల పొట్టలు పగలగొట్టడం, శాసనస్తంభాల కింద గోతులు తీయడం తెలుగు జిల్లాలన్నిటా జరుగుతున్నాయి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధికోసం తవ్వకాలు సాగాయి. ఎక్కడ దాచారో చెప్పే మనిషి గొలుసు తెగిన తరువాత నేలను గుచ్చి గుచ్చి అడిగే ప్రయత్నం ఇది. ఈ ప్రయత్నంలో దొరికే బంగారం కంటె చెదిరిపోయే ఆధారం ఎక్కువ.

9. రాగిరేకుల అర: రాసిన భాగమే మిగిలింది

సొత్తు విషయంలో చెప్పిన సూత్రం సాహిత్యానికి కూడా వర్తిస్తుందనడానికి తెలుగువారికి సుపరిచితమైన ఉదాహరణ తిరుమలలో ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన సంతతివారు పదహారో శతాబ్దిలో రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని ఒక రాతి అరలో భద్రపరచారు. కాలక్రమంలో ఆ భాండాగారం లోకం దృష్టికి మరుగైంది. పిండారీలు గుంటూరు మీద పడిన 1816లోనే అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో ఎ. డి. క్యాంప్‌బెల్ తిరుపతి రాగిరేకులను ప్రస్తావించాడు. వాటిలో వ్యాకరణం ఉంటుందని ఆశించి చూస్తే తాళ్ళపాకవారి పాటలు కనిపించాయన్నాడు. ఆయనకు కావలసిన నిధి అది కాదు. ఆ రేకుల విలువను గుర్తించి వెలుగులోకి తెచ్చే పని 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రితో మొదలై, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి చేతుల్లో సాగింది.

రేకుల్లో సాహిత్యం ఉంది, పాట తలకట్టున రాగం పేరు ఉంది. వరస లేదు. ఆనాటి పాడే తీరు గాయకుల గొంతులోనే ఉండేది. ఆ పరంపర తెగడంతో వేలాది పాటల మాటలు తిరిగి దొరికాయి గాని వాటి తొలి బాణీలు దొరకలేదు. రాసి దాచినది నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా బయటికి వచ్చింది. మనిషినుండి మనిషికి మాత్రమే అందవలసినది పోయింది.

10. మట్టినుండి ఖాతాకు

మట్టికి బదులు సంస్థను నమ్మడం ఈ మైదానంలో క్రమంగా జరిగింది. తపాలా పొదుపు బ్యాంకు 1882లో మొదలైంది. సహకార పరపతి సంఘాలకు 1904 చట్టం దారి వేసింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. పాస్‌బుక్కు, సంతకం, నామినీ అన్న మూడూ నిధికి లేని సాక్షులు. ధర్మశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే నిధి తిరిగి నిక్షేపమైంది.

అయినా పాత కథ పూర్తిగా ముగియలేదు. పదేళ్ళపాటు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లను భారతీయ రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పరచిన డిపాజిటర్ల నిధికి బదిలీ చేస్తారు. 2024 మార్చి చివరికి ఆ నిధిలో ఉన్న మొత్తం 78,213 కోట్ల రూపాయలు. అటువంటి ఖాతాలను వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్‌ను ప్రారంభించారు. వీటిలో కొన్ని మరచిపోయిన ఖాతాలు, కొన్ని ఇంట్లో చెప్పకుండా తెరచిన ఖాతాలు. యజమాని మరణించాక కాగితం ఉన్నా, ఉన్నదని తెలిసిన మనిషి లేకపోతే ఫలితం ఒకటే. భేదం ఒక్కటి: ఇక్కడ రుజువు రాతలో ఉంది కనుక వారసులు ఎప్పుడు వచ్చినా అడిగి తీసుకోవచ్చు. నందన కరువునాటి వారసులకు ఆ వీలు లేకపోయింది.

11. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

* ధాన్యం పాతర పలువురు ఎరిగిన ఏర్పాటు, ధనపు నిధి ఒక్కరి రహస్యం. చోటు తెలియకుండా పోవడం రెండోదానిలోనే ఎక్కువ.

* అష్టభోగాల కాలంనుండి 1878 చట్టం వరకు నిధి హక్కు రాజుకో, భూయజమానికో, దొరికినవాడికో అనుకూలంగా మారుతూ వచ్చింది. దాచినవారి వారసులను రుజువు అడిగిన ప్రతిసారీ వారు దానిని చూపలేని స్థితిలోనే ఉన్నారు.

* 1816 నాటి లెక్కల్లో హింసకు గురైనవారి సంఖ్య, ఈ మైదానంలో సొత్తును పాతడం ఎంత విస్తృతంగా ఉండేదో తెలిపే బలమైన పరోక్ష ఆధారం.

* నిధి నడుస్తుందన్న నమ్మకం, గుర్తులు చెరిగిన నేల మీద పెద్దల మాటను నిలబెట్టుకొనే ప్రయత్నం.

కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు పరిసరాల్లోని నిధి కథలను అద్భుత కథలుగా కాక కుటుంబ చరిత్రలుగా సేకరించవలసిన అవసరం ఉంది. బంగారం ఎంత అన్న ప్రశ్నకంటె ముందు ఎవరు దాచారు, ఏ భయంతో దాచారు, ఎప్పుడు ఊరు విడిచారు, ఎవరికి చెప్పలేకపోయారు అన్న ప్రశ్నలు అడగాలి. కలెక్టరు కచేరీల్లో మిగిలిన నిధుల విచారణ పత్రాలతో ఈ కథనాలను పోల్చి చూస్తే, దాడులకూ కరువులకూ లోనైన సామాన్య కుటుంబాల చరిత్ర కొంతైనా బయటపడుతుంది. ఆ కథలు చెప్పగలిగిన వృద్ధుల తరం వెళ్ళిపోతున్నందున ఈ సేకరణకు వ్యవధి తక్కువ.